సేద తీరాలంటే భీమిలి దారా, పుదుచ్చేరి దారా?

దూరం: విశాఖ–భీమిలి సుమారు 30 కిలోమీటర్లు. చెన్నై–పుదుచ్చేరి సుమారు 150.

ఖర్చు: భీమిలికి పెట్రోలు, భోజనం చాలు. పుదుచ్చేరికి టోలు, గది అద్దె అదనం.

మనసుకు: భీమిలి దారిలో తొట్లకొండ బౌద్ధారామం దగ్గర కూర్చుంటే కింద సముద్రమంతా కనిపిస్తుంది. అక్కడ పొద్దున్నే ఓ గంట ఊరికే కూర్చోండి, ఫోను కారులోనే వదిలేసి. తర్వాత ఎర్రమట్టి దిబ్బల్లో నడక. నాకైతే ఇంతకు మించిన విశ్రాంతి లేదు. పుదుచ్చేరి వైపు 1968లో మొదలైన ఆరోవిల్ అనే అంతర్జాతీయ పట్టణం ఉంది. అక్కడి ధ్యానమందిరం మాతృమందిరం. దాని లోపల ధ్యానానికి ముందే బుక్ చేసుకోవాలి.

ప్రమాదం: రెండుచోట్లా అలలు లోపలికి లాగేస్తాయి. ఈత వద్దు. నవంబరు వానల్లో పుదుచ్చేరి దారి మానుకోండి.

వెంట పెద్దవాళ్లుండి, ఒక్కరోజే సెలవైతే భీమిలి. నాలుగు రోజులు దొరికి, ధ్యానం మీద గురి ఉంటే పుదుచ్చేరి.