రెండు భాషలు వచ్చినవారికి వాటిలో ఏది బలం: ప్రశ్నావళితో తేల్చాలా, బొమ్మల పరీక్షతోనా?

ఖర్చు, శ్రమ: బైలింగ్వల్ లాంగ్వేజ్ ప్రొఫైల్ లాంటి ప్రశ్నావళి ఉచితం, పది నిమిషాల పని. మింట్ (మల్టీలింగ్వల్ నేమింగ్ టెస్ట్) లాంటి బొమ్మల పరీక్షకు పక్కన కూర్చుని జవాబులు రాసుకునే మనిషి కావాలి. మింట్‌లోని 68 బొమ్మలకూ రెండు భాషల్లో విడివిడిగా పేర్లు చెప్పించాలి.

కొలిచేది: ప్రొఫైల్ భాష నేర్చిన చరిత్ర, వాడకం, నైపుణ్యం, భాషపై అభిప్రాయం అడిగి −218 నుంచి +218 మధ్య స్కోరు ఇస్తుంది. సున్నాకు దగ్గరైతే రెండూ ఇంచుమించు సమానం. బొమ్మలు పదసంపదనే చూస్తాయి.

పొరపాట్లు: అసలు చిక్కంతా ఇక్కడే. ప్రశ్నావళిలో తన భాషకు తానే మార్కులు వేసుకునేటప్పుడు ఒకరు పక్కవాళ్లతో పోల్చుకుంటారు, ఇంకొకరు పుస్తకాల భాషతో. ఇంటి భాషను చిన్నచూపు చూసే చోట పెరిగినవారు, అది ధారాళంగా వచ్చినా తక్కువే వేసుకోవచ్చు. ఆ అన్యాయం స్కోరులో కనిపించదు. బొమ్మలకూ లోపముంది: వంటింటి మాటలు ఒక భాషలో, బడి మాటలు మరో భాషలో వచ్చినవారికి ఏ బొమ్మలు ఎంచారన్న దాన్నిబట్టి ఫలితం తారుమారవుతుంది. ఒక భాషకని చేసిన జాబితాను ఇంకో భాషలోకి మార్చి వాడటం అందుకే తప్పు.

వందల మందితో సర్వే అయితే ప్రశ్నావళి చాలు. మతిమరుపు అనుమానంతో వచ్చిన పెద్దాయనను ఏ భాషలో పరీక్షించాలో తేల్చాలంటే మాత్రం బొమ్మలు తప్పనిసరిగా పెట్టండి, ఇంట్లోవాళ్లనూ అడగండి.