ట్యాప్ చేసిన క్షణంలో వదిలే చోటు

నలభై దాటిన ఆడవాళ్లు జుజిత్సు నేర్చుకోగలరా అని సందేహిస్తున్నవారు ఈ కేంద్రానికి నిస్సంకోచంగా రావచ్చు. నేను సహకార బ్యాంకులో కౌంటర్ దగ్గర పనిచేస్తాను. పగలంతా కుర్చీ వదలని ఉద్యోగం. ఇక్కడ చేరి ఏడాది దాటింది, మానేయాలని ఒక్కనాడూ అనిపించలేదు.

ఇక్కడ నేర్పేది బ్రెజిలియన్ జుజిత్సు. గుద్దులు, తన్నులు ఉండవు. పట్టుకోవడం, పడేయడం, కదలకుండా అదిమిపెట్టడం, కీలు మెలిపెట్టడం, మెడ బిగించడం ఉంటాయి. తరగతి గంటన్నర. ఒళ్లు వేడెక్కే కసరత్తు అయ్యాక ఆ రోజు పట్టు నేర్పుతారు. చివర్లో రోలింగ్. ఇద్దరిద్దరు జతకట్టి అయిదేసి నిమిషాలు నిజంగానే పెనుగులాడాలి.

మొదట్లో రోలింగ్ అనగానే నాకు ఊపిరి బిగుసుకుపోయేది. నాకంటే ఎంతో బరువున్న ఇంజినీరింగ్ విద్యార్థి ఛాతీ మీద కూర్చుంటే, రెండు చేతులూ చాచి అతన్ని పైకి తోసేయాలని చూసేదాన్ని. పైన కూర్చున్నవారికి కావలసింది అదే. చాచిన చెయ్యి సులువుగా చిక్కుతుంది. కోచ్ గారు పక్కనే మోకాళ్ల మీద కూర్చుని, "తోయకండమ్మా. మోచేతులు పక్కటెముకలకు ఆనించండి. ముందు ఊపిరి వదలండి" అనేవారు. ఊపిరి వదిలితే భుజాలు దిగుతాయి. అప్పుడు మోచెయ్యి ఎదుటివారి మోకాలి లోపలికి దూరుతుంది. నడుము పక్కకు జరిపితే జానెడు చోటు దొరుకుతుంది. ఆ చోటులోకి మన మోకాలిని తెచ్చుకోవాలి. అంతే, పైనున్న మనిషి బలవంతుడైనా మన కాళ్ల మధ్యకు వచ్చేస్తాడు, అక్కడ అతన్ని కాళ్లతో ఆపుకోవచ్చు. నాకు అది పట్టుబడేదాకా ఆ అబ్బాయి "ఇంకోసారి చేద్దాం అక్కా" అంటూ మళ్లీ మళ్లీ ఓపికగా కూర్చున్నాడు. ఈ కేంద్రంలో తోటివారు ఇలాంటివారు.

ఇక అసలు సంగతి. ఈ విద్యలో ప్రాణం కాపాడేది ట్యాప్. పట్టు బిగిసినప్పుడు అరచేత్తో ఎదుటివారి ఒంటి మీద గానీ, మ్యాట్ మీద గానీ తట్టడం. తట్టిన క్షణంలో వదిలేయాలి. ఏ కేంద్రమైనా మంచిదా కాదా అన్నది నా లెక్కన ఇక్కడే తేలుతుంది. ఒక సాయంత్రం కొత్తగా చేరిన కుర్రాడు, ఎదుటివారు తట్టాక కూడా పట్టును కాస్త ఎక్కువసేపు ఉంచాడు. కోచ్ గారు అరవలేదు. అతన్ని పిలిచి గోడవారన కూర్చోబెట్టి, ఆ పూట మళ్లీ మ్యాట్ మీదకు రానివ్వలేదు. తరగతి అయ్యాక ఎందుకో విడిగా చెప్పారు. నన్ను ఇక్కడ నిలబెట్టింది ఆ ఒక్క పనే.

భుజం మెలిపెట్టే కిమురా పట్టు నేర్పిన రోజు ఆయన 1951 నాటి కథ చెప్పారు. రియోలోని మరకానా స్టేడియంలో జపాన్ జూడో వీరుడు మసహికో కిమురా, బ్రెజిలియన్ జుజిత్సుకు మూలపురుషుల్లో ఒకరైన ఎలియో గ్రేసీ తలపడ్డారు. కిమురా ఈ పట్టే బిగించాడు. ఎలియో ట్యాప్ చేయలేదు. అన్న కార్లోస్ తువ్వాలు విసిరి పోటీ ఆపించాడు. కుర్రాళ్లందరికీ ఎలియో మొండితనం నచ్చింది. నాకు మాత్రం కార్లోస్ నచ్చాడు. వేలాది జనం చూస్తుండగా తమ్ముడి ఓటమిని ఒప్పుకుని, అతని చెయ్యి ముఖ్యమనుకున్నాడు.

నొప్పి మొదలయ్యాక కాదు, పట్టు బిగుస్తున్నప్పుడే తట్టమంటారు కోచ్ గారు. ఈ మాట నాకు ఇంట్లోనూ పనికొచ్చింది. బ్యాంకులో పనిచేస్తున్నానంటే బంధువులు హామీ సంతకాలు అడుగుతూనే ఉంటారు. ఇదివరకు ముందు సరేననేసి, తర్వాత నెలల తరబడి నిద్ర పాడుచేసుకునేదాన్ని. ఈ మధ్య మా ఆడపడుచు భర్త కాగితాలతో వచ్చారు. ఆయన మాట మొదలుపెట్టగానే నా భుజాలు బిగుసుకోవడం నాకే తెలిసింది. ఊపిరి వదిలి, "అన్నయ్య గారూ, హామీ సంతకం నేను పెట్టలేను. కావలసిన కాగితాలేమిటో చెబుతాను, వేరే దారి చూద్దాం" అన్నాను. ఆయన కాసేపు మాట్లాడలేదు. తర్వాత టీ తాగి, కాగితాల వివరాలు రాసుకునే వెళ్లారు. కౌంటర్ దగ్గరా అంతే. నెల మొదటి వారంలో సర్వర్ మొరాయించి, పెద్దాయన ఎవరో పాస్‌బుక్ అద్దానికేసి కొడితే ఒకప్పుడు నేనూ గొంతు పెంచేదాన్ని. ఇప్పుడు ముందు ఆయన చెప్పేది పూర్తిగా వింటున్నాను.

శుభ్రత విషయంలో ఈ కేంద్రానికి పూర్తి మార్కులు వేస్తాను. ఒళ్లూ ఒళ్లూ రాసుకునే ఆటలో తామర ఇట్టే అంటుకుంటుంది. ప్రతి తరగతి తర్వాత మ్యాట్లను మందు కలిపిన నీళ్లతో తుడుస్తారు. గోళ్లు చూస్తారు. ఒంటి మీద మచ్చ కనిపిస్తే తగ్గేదాకా రావద్దని నిర్మొహమాటంగా చెబుతారు. బెల్టుల వ్యాపారం లేదు. అంతకుముందు మా అమ్మాయిని పంపిన వేరేచోట తరచూ పరీక్ష, పరీక్షకో రుసుము. ఇక్కడ తెల్ల బెల్టు నుంచి నీలం బెల్టుకు వెళ్లడానికి ఏళ్లు పడుతుంది, అదీ కోచ్ గారికి నమ్మకం కుదిరితేనే. నా తెల్ల బెల్టుకు ఇప్పటికి రెండు గీతలు, అంటే తర్వాతి బెల్టు దారిలో చిన్న మెట్ల గుర్తులు, వచ్చాయి.

లోటు లేకపోలేదు. ఆడవాళ్లకు బట్టలు మార్చుకునే గది ఒక్కటే, అదీ ఇరుకు. సాయంత్రం వరుసలో నిలబడాలి. ఫ్యాన్లే తప్ప ఏసీ లేదు, మే నెలలో మ్యాట్ మీద చెమటకు కాళ్లు జారాయి. రుసుము మూడు నెలలది ఒకేసారి కట్టమంటారు. కొత్తవారికి ఇది బరువే, నెలనెలా తీసుకుంటే ఇంకొందరు చేరతారు.

గీ, అంటే ఆ మందపాటి నూలు కోటు, ప్యాంటు వెంటనే కొనకండి. మొదటి నెల వాళ్లే ఇస్తారు. కొనేటప్పుడు 450 జీఎస్ఎమ్ (చదరపు మీటరు గుడ్డ బరువు, గ్రాముల్లో) రకం బదులు పలచని 350 తీసుకోండి, వానాకాలంలో తొందరగా ఆరుతుంది. వేడినీళ్లలో ఉతికితే చేతులు పొట్టివైపోతాయి. తొలి తరగతికి డబ్బు తీసుకోరు. జేబులు లేని ప్యాంటు, ఒంటికి పట్టి ఉండే టీషర్టు చాలు. గాజులు, మెట్టెలు, ముక్కుపుడక, నల్లపూసలు ఇంట్లోనే తీసి రండి. ఆడవాళ్లు ఎక్కువగా ఉండేది మంగళ, గురు, శనివారాల సాయంత్రం తరగతిలో.