శనివారం రాత్రి మందు: ఆరేళ్లు వాడాక

కీళ్లవాతానికి ఇచ్చే మెథోట్రెక్సేట్ మొదలుపెట్టినప్పుడు నాకు 24. పొద్దున లేస్తే పిడికిలి ముడుచుకునేది కాదు. జడ అమ్మే వేసేది, కుక్కర్ మూత తమ్ముడు తీసేవాడు. "ఈ వయసులో వాతమేంటే" అంటూ మా పెద్దమ్మ వావిలాకు నీళ్లు కాచి పోసింది. హాయిగానే ఉండేది, తెల్లారితే మళ్లీ మామూలే. యాంటీ సీసీపీ అనే రక్తపరీక్ష చేయించాక గానీ రుమటాయిడ్ ఆర్థరైటిస్ అని, అంటే ఒంట్లో రోగనిరోధక శక్తే కీళ్ల మీద దాడి చేసే వాతమని తేలలేదు.

"క్యాన్సర్ మందట కదా" అని అమ్మ ఏడ్చింది. క్యాన్సర్‌కీ వాడతారు, కానీ చాలా పెద్ద మోతాదులో. నాకు వారానికి 15 మిల్లీగ్రాములు. వారానికి ఒక్కసారే, ఇది మాత్రం గుర్తుంచుకోండి. రోజూ వేసుకుంటే ప్రాణం మీదికొస్తుంది. ఓసారి మందుల షాపులో కవరు మీద "రాత్రి 1" అని రాసిచ్చారు. అప్పట్నుంచి "శనివారం" అని నేనే పెద్దక్షరాలతో రాసుకుంటున్నా. శనివారం రాత్రి నాకు మందుందంటే ఆఫీసులో ఒకటే నవ్వు. లివర్ సంగతి తెలిస్తే నవ్వరు, ఆ మందుకీ ఈ మందుకీ అస్సలు పడదు.

మొదటి నెలన్నర ఏ తేడా లేదు, మానేద్దామనుకున్నా. రెండున్నర నెలలకి ఒకరోజు పళ్లు తోముకుని బయటికొచ్చాక వెలిగింది, పేస్టు మూత నేనే తీశానని.

ఇక ఆదివారాలు. ఇంట్లో కోడికూర ఉడుకుతుంటే ఆ వాసనకే కడుపులో తిప్పేది. నోట్లో పుండ్లు ఫోలిక్ యాసిడ్‌తో తగ్గాయి, వికారం తగ్గలేదు. రెండేళ్ల తర్వాత పొట్ట మీద చర్మం కింద పొడుచుకునే ఇంజెక్షన్‌కి మారాకే ఆదివారం భోజనం చేయగలిగాను. జుట్టు పలచబడింది. మూడు నెలలకోసారి రక్తపరీక్షలు, లివర్ పరీక్షలు. నాకైతే మందు కంటే వాటికే ఎక్కువ ఖర్చవుతోంది.

పదికి ఏడు ఇస్తా. పోయిన మూడూ ఆ ఆదివారాలకే.

పిల్లల్ని కనాలనుకుంటున్నాం, అందుకే వచ్చే నెల నుంచి ఆపేస్తున్నా. కడుపులో బిడ్డకి ఇది ప్రమాదం, గర్భానికి నెలల ముందే ఆపాలి. సొంతంగా కాదు, డాక్టర్‌తో మాట్లాడే. సల్ఫాసలజీన్ అనే ఇంకో వాతం మందుకి మారుస్తామన్నారు. ఈలోపు నొప్పులు తిరగబెడితే జడ ఎవరు వేస్తారని మా ఆయన్ని అడిగితే, యూట్యూబ్‌లో చూసి నేర్చుకుంటానన్నాడు. వారమైంది, ఇంకా మూడో పాయ ఎటు తిప్పాలో అర్థం కాలేదట.