మూడ్‌కీ జ్ఞాపకశక్తికీ అమైనో యాసిడ్లు: కలగూర సీసాకంటే విడిగా కొన్నదే మేలు

ఎనిమిది, పది అమైనో యాసిడ్లు కలిపి ‘మెదడు కోసం’ అని అమ్మే సీసాలకు మార్కులు వేయలేం. టైరోసిన్, ట్రిప్టోఫాన్, లూసిన్ వంటివన్నీ రక్తంలోంచి మెదడులోకి వెళ్లే దారి ఒక్కటే. ఇరుకు గుమ్మం దగ్గర జనంలా ఒకదాన్నొకటి తోసేసుకుంటాయి. దానికితోడు లేబుల్ మీద మొత్తం మిశ్రమం బరువు మాత్రమే వేస్తే ఏది ఎంత ఉందో తెలిసే మార్గమే లేదు. అలాంటిది కొనకండి.

విడిగా కొనేవాటిలో ఎల్-థియానిన్ (తేయాకులో ఉండే అమైనో యాసిడ్) బాగుంది. 200 మి.గ్రా. థియానిన్‌ను 100 మి.గ్రా. కెఫీన్‌తో కలిపి తీసుకుంటే ధ్యాస కాస్త నిలుస్తుంది. అద్భుతాలేమీ ఆశించవద్దు.

టైరోసిన్ సంగతి వేరు. నిద్ర చాలనప్పుడు, ఒత్తిడిలో, విపరీతమైన చలిలో పనికొస్తుంది. బాగా నిద్రపోయి లేచినవారికి పెద్దగా తేడా తెలియదు. చాలా ప్రయోగాల్లో ఇచ్చిన మోతాదు బరువును బట్టి కిలోకు 100-150 మి.గ్రా. అంటే 60 కిలోల మనిషికి కనీసం 6 గ్రాములు, 500 మి.గ్రా. క్యాప్సూళ్లు 12! అన్ని మింగమని కాదు, ఒక్క క్యాప్సూల్‌తో ఆ ఫలితం రాదని చెప్పడం. ప్రొటీన్ ఉన్న భోజనంతో వేసుకుంటే అదీ తగ్గుతుంది, పనికి గంట ముందు పరగడుపున వేసుకుంటే మేలు. పొడి కొంటే ఇంకో చిక్కు: లీటరు నీళ్లలో అర గ్రాము కూడా సరిగా కరగదు. గ్లాసు అడుగున తెల్లగా పేరుకున్నదే అసలు మందు, మళ్లీ నీళ్లు పోసి తిప్పి తాగాలి. ఎన్-ఎసిటైల్ టైరోసిన్ అనే రకం చక్కగా కరుగుతుంది కానీ చాలా భాగం మూత్రంలోనే పోతుంది. థైరాయిడ్ ఎక్కువగా ఉన్నవారు, ఎంఏఓ నిరోధకాలనే ఒక రకం డిప్రెషన్ మందులు వాడేవారు టైరోసిన్ జోలికి వెళ్లకూడదు.

5-హెచ్‌టీపీ ఒంట్లో సెరటోనిన్‌గా, అంటే మూడ్‌తో ముడిపడిన రసాయనంగా మారుతుంది. 50 మి.గ్రా.తోనే కొందరికి కడుపులో తిప్పుతుంది, సెరటోనిన్ పేగుల్లోనూ తయారవుతుంది మరి. డిప్రెషన్ మందులు, ట్రమడాల్ అనే నొప్పి మందు, డెక్స్‌ట్రోమెథార్ఫాన్ ఉన్న దగ్గు సిరప్‌లతో దీన్ని కలిపితే సెరటోనిన్ మితిమీరి ప్రాణం మీదికి రావచ్చు. డాక్టరుకు చెప్పకుండా మొదలుపెట్టవద్దు.

ట్రిప్టోఫాన్ కొనేటప్పుడు శుద్ధత ముఖ్యం. 1989లో అమెరికాలో వందలమందిని కండరాల నొప్పులతో మంచాన పడేసిన జబ్బుకు మూలం మలినాలు చేరిన ట్రిప్టోఫాన్‌ అని గట్టిగా అనుమానించారు. బయటి ల్యాబ్ రిపోర్టు అడిగి, అందులోని బ్యాచ్ నంబరు సీసా మీది నంబరుతో కలుస్తోందో లేదో చూడండి. కలవకపోతే ఆ రిపోర్టు ఆ సీసాది కాదు.