ఇహ్లముర్ కస్రా, కూచుక్‌సు కస్రా?

ఇస్తాంబుల్‌లో ఒక్క పూటే చేతిలో ఉంటే ఈ రెండు సుల్తాన్ విడుదుల్లో (కస్ర్ అంటే విడిదే) ఏది చూడాలి? రెండూ ఒట్టోమన్ సుల్తాన్ అబ్దుల్‌మెజిద్ కోసం వాస్తుశిల్పి నిగొగొస్ బల్యాన్ కట్టినవే. రాత్రి బసకు కాదు, పగటి విశ్రాంతికి. సోమవారం రెండూ మూసి ఉంటాయి.

తోట కోసమైతే ఇహ్లముర్. ఆ మాటకు అర్థమే లిండెన్ చెట్టు. జూన్‌లో పూతకొస్తే గాలంతా తియ్యటి వాసన. బెషిక్‌తాష్ రేవు నుంచి ఇహ్లముర్‌దెరె వీధి పట్టుకుని నడిస్తే దాదాపు 20 నిమిషాలు, ఎత్తు మెల్లగా పెరుగుతుంది. నిషాన్‌తాషీ వైపు నుంచి దిగితే హాయిగానే ఉంటుంది, తిరుగుదారిలో ఆ నిటారు ఎక్కుడే మోకాళ్లకు పరీక్ష. ఇక్కడ రెండు భవనాలు. రెండువైపులా వంపు తిరిగిన మెట్లున్నది వేడుకల భవనం: మధ్యలో హాలు, అటూ ఇటూ చెరో గది, అంతే. పావుగంటలో చూడటం అయిపోతుంది, కాబట్టి మిగతా సమయమంతా కొలను పక్కన చెట్ల నీడకే ఇవ్వండి. పరివారం కోసం కట్టిన రెండోది ఇంకా సాదా.

భవనం లోపలి వైభవం కావాలంటే 1857 నాటి కూచుక్‌సు మేలు. తోట చిన్నది, కానీ ముందే బాస్ఫరస్ జలసంధి. పక్కనే 1806 నాటి పాలరాతి నీటి కట్టడం, దాన్ని వదలొద్దు. ఫెర్రీలో ఆసియా వైపున్న ఉస్కుదార్ చేరి 15 నంబరు బస్సెక్కాలి. తీరం రోడ్డు ఇరుకు. సాయంత్రం బస్సు కదలదు. పొద్దున్నే వెళ్లండి.