రాడ్, క్రియాటిన్, వే ప్రోటీన్: కొన్నేళ్లు వాడాక నా సమీక్ష

ముందే చెప్పేస్తాను. జిమ్ పేరు మీద నేను పెట్టిన ఖర్చులో పూర్తి మార్కులు ట్రైనర్ ఫీజుకి, ఆ తర్వాత సాదా క్రియాటిన్‌కి (కండరాలకు శక్తినిచ్చే పొడి). పాల నుంచి తీసే వే ప్రోటీన్ పొడి ఫర్వాలేదు. బీసీఏఏ (అమైనో ఆమ్లాల పొడి), వ్యాయామానికి ముందు తాగే ప్రీ వర్కౌట్, కొవ్వు కరిగిస్తుందనే ఫ్యాట్ బర్నర్ లాంటివి నా లెక్కలో దండగ. నాకు నలభై దాటాయి, రోజంతా కుర్చీ ఉద్యోగం, వెళ్లేది ఉప్పల్‌లో మామూలు కాలనీ జిమ్‌కి. పోటీలూ గీటీలూ లేవు. గ్యాస్ సిలిండర్ జరపడానికి ఎవరినీ పిలవక్కర్లేకపోతే చాలు.

చేరిన కొత్తలో ట్రైనర్ బరువు ముట్టుకోనివ్వలేదు. ఒక కర్ర ఇచ్చి వీపు మీద నిలువుగా పట్టుకోమన్నాడు. తల వెనక, భుజాల మధ్య, నడుము కింద తోకఎముక దగ్గర, ఈ మూడు చోట్లా కర్ర తగులుతూనే ముందుకు వంగాలి. ఎక్కడ ఊడినా ఆ రెప్ (ఒకసారి చేసి లేవడం) లెక్కలోకి రాదు. "వంగాల్సింది నడుము కాదక్కా, తుంటి వెనక్కి పోవాలి. రెండు చేతుల్లో సంచులుంటే వెనకాల తలుపు దేంతో నెడతారు? అదే!" అన్నాడు. ఆ ఒక్క మాటతో డెడ్‌లిఫ్ట్, అంటే నేల మీది రాడ్‌ని నిలబడేదాకా లేపడం, సగం వచ్చేసింది. మిగతా సగం రాడ్‌ని కాళ్లకు రాసుకుంటూ పైకి తేవడం. బరువు ఒంటికి ఎంత దూరం జరిగితే నడుము మీద భారం అంత పెరుగుతుంది. లేపే ముందు పొట్ట నిండా గాలి పీల్చి బిగించాలి. ఊపిరి బిగబట్టినప్పుడు బీపీ పెరుగుతుంది కాబట్టి, బీపీ ఉన్నవాళ్లు ఇది డాక్టర్‌ని అడిగే చేయాలి.

చిన్న జిమ్‌లలో ఎవరూ పట్టించుకోని సంగతి ఒకటుంది. పోటీల్లో వాడే పెద్ద ప్లేట్ల వ్యాసం 45 సెంటీమీటర్లు. దాంతో రాడ్ నేలకి జానెడు పైనే ఉంటుంది. మా జిమ్ చిన్న ప్లేట్లతో అది బాగా కిందికి దిగిపోతుంది, దాన్ని అందుకోవడానికి వంగితే ఎంత జాగ్రత్తపడినా వీపు గుండ్రమవుతుంది. నేను రెండు వైపులా రెండేసి ప్లేట్లు కింద పరిచి, వాటి మీద రాడ్ పెట్టుకుంటాను. ఇంకోటి, మా దగ్గర రెండున్నర కిలోల కంటే చిన్న ప్లేట్లు లేవు. అంటే ఒక్కసారే ఐదు కిలోలు పెంచాలి. 1.25 కిలోల జత సొంతంగా కొనుక్కుని బ్యాగులో వేసుకెళ్తాను. చూసి నవ్వేవాళ్లు నవ్వుతారు. స్క్వాట్‌కి (రాడ్ భుజాల మీద పెట్టుకుని కూర్చుని లేవడం) ర్యాక్‌లో రాడ్‌ని ఆపే అడ్డకమ్మీలు సరైన ఎత్తులో పెట్టకుండా రాడ్ కిందకి దూరను. మెత్తటి రన్నింగ్ షూస్ దీనికి పనికిరావు, అడుగు చదునుగా ఉండే క్యాన్వాస్ బూట్లు చాలు.

బరువులెత్తితే ఆడవాళ్లు మగాళ్లలా అయిపోతారనే మాట ఇప్పటికీ వింటూనే ఉన్నాను. శ్రీకాకుళం అమ్మాయి కర్ణం మల్లేశ్వరి 2000లో సిడ్నీ ఒలింపిక్స్ వెయిట్‌లిఫ్టింగ్‌లో రెండు పద్ధతుల్లో, స్నాచ్ 110, క్లీన్ అండ్ జెర్క్ 130, మొత్తం 240 కిలోలు ఎత్తి కాంస్యం తెచ్చాక కూడా!

ఇక క్రియాటిన్. మోనోహైడ్రేట్ అని రాసి ఉన్న, ఏ ఫ్లేవరూ లేని తెల్ల పొడి. రోజుకు 3 నుంచి 5 గ్రాములు చాలు. మొదటి వారం రోజుకు 20 గ్రాముల చొప్పున 'లోడింగ్' చేయమంటారు గానీ అవసరం లేదు, మామూలు మోతాదుతోనే మూడు నాలుగు వారాల్లో కండరాలు నిండుతాయి. చల్లటి నీళ్లలో సరిగ్గా కరగక అడుగున పేరుకుంటుంది, అందుకే నేను మజ్జిగలో కలుపుతాను. అద్భుతాలేమీ జరగలేదు. ఆఖరి సెట్‌లో ఒకటో రెండో రెప్స్ ఎక్కువ వస్తున్నాయి, అంతే. ఆ కాస్తా నెలల తరబడి కలిస్తే తేడా తెలుస్తుంది. మొదట్లో ఓ కిలో బరువు పెరిగితే టెన్షన్ పడొద్దు, అది కండరాల్లో చేరే నీరు. మాంసం తినని నాలాంటి వాళ్లకు ఒంట్లో క్రియాటిన్ నిల్వలు తక్కువ కాబట్టి ఫలితం ఇంకాస్త బాగా కనిపించవచ్చు. రక్తపరీక్షకు వెళ్తే మాత్రం డాక్టర్‌కి ముందే చెప్పండి. కిడ్నీలు బాగానే ఉన్నా రిపోర్టులో క్రియాటినిన్ (కిడ్నీల పనితీరుకి చూసే అంకె) కొంచెం ఎక్కువ చూపించే అవకాశం ఉంది. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు సొంతంగా మొదలుపెట్టొద్దు.

వే దగ్గరకొస్తే, మాకు దగ్గర్లోనే తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ 2024 మార్గదర్శకాల్లో, కండ పెంచడానికి ప్రోటీన్ పొడులు వద్దనే చెప్పింది. పెద్దవాళ్లకు ఆ సంస్థ చెప్పే లెక్క ఒంటి బరువులో కిలోకి రోజుకు 0.83 గ్రాముల ప్రోటీన్. బరువులెత్తేవాళ్లకు అది చాలదని నా అభిప్రాయం, కానీ ముందు కంచం చూసుకోమనడంలో తప్పేముంది? వంద గ్రాముల ఎండు మీల్‌మేకర్‌లో 50 గ్రాముల పైనే ప్రోటీన్ ఉంటుంది. కందిపప్పులో 20కి పైన. పెరుగు సరేసరి. నేను పప్పు సరిగ్గా తినని రోజున మాత్రమే ఒక స్కూప్ వే వేసుకుంటాను. వేలో కాన్సంట్రేట్ అనే రకంతో పొట్ట ఉబ్బరించింది, లాక్టోజ్ (పాలలోని చక్కెర) తక్కువుండే ఐసొలేట్ రకానికి మారాక తగ్గింది. ధర మాత్రం బాగా ఎక్కువ.

నమ్మకం సంగతి వేరే కథ. 2024లో మన దేశంలో అమ్ముతున్న 36 ప్రోటీన్ పొడులను పరీక్షిస్తే, దాదాపు 70 శాతం డబ్బాల మీద రాసిన ప్రోటీన్ లెక్క తప్పని తేలింది. మామూలు పరీక్షలో కొలిచేది నేరుగా ప్రోటీన్‌ని కాదు, అందులో ఉండే నైట్రోజన్‌ని. గ్లైసిన్, టారిన్ లాంటి చవక అమైనో ఆమ్లాలు కలిపితే ఆ అంకె పెరిగిపోతుంది. అందుకే పదార్థాల జాబితాలో అవి కనిపిస్తే నేను కొనను. యూట్యూబ్‌లో చూపించే అయోడిన్ చుక్కల పరీక్ష పిండి కలిపితే పట్టిస్తుంది గానీ ఈ మోసాన్ని పట్టలేదు. డబ్బా మీది 14 అంకెల ఎఫ్ఎస్ఎస్ఏఐ (కేంద్ర ఆహార భద్రతా సంస్థ) నంబర్‌ని ఆ సంస్థ పోర్టల్‌లో కొట్టి చూస్తాను. విదేశీ సరుకైతే దిగుమతిదారు పేరు, చిరునామా ఉండాలి. సప్లిమెంట్లను పరీక్షించి ఇచ్చే ఇన్‌ఫార్మ్‌డ్ స్పోర్ట్ గుర్తు ఉంటే బ్యాచ్ నంబర్ కూడా వాళ్ల సైట్‌లో వెతకొచ్చు.

ఒకసారి దుకాణంలో కొన్న డబ్బా మీద, సరుకు అసలుదో కాదో చూసుకునే స్క్రాచ్ కోడ్ గీకి పంపితే, అది అప్పటికే ఎవరో వాడేసిన కోడ్ అని వచ్చింది. సీలు మాత్రం కొత్తగానే ఉంది. "సర్వర్ ప్రాబ్లమ్ మేడమ్" అన్నాడు కౌంటర్‌లో అబ్బాయి. అక్కడే నిలబడి గట్టిగా అడిగితే డబ్బు వెనక్కి ఇచ్చారు. అప్పట్నుంచి కంపెనీ సొంత సైట్‌లోనే, బిల్లుతోనే కొంటున్నాను.

ఫ్యాట్ బర్నర్ గురించి ఆఫీసులో తరచూ అడుగుతుంటారు. 'ప్రొప్రయిటరీ బ్లెండ్' అని రాసి, లోపల ఏది ఎన్ని గ్రాములో చెప్పని డబ్బాని నేను ముట్టుకోను. ప్రీ వర్కౌట్‌లో పనిచేసేది ఎక్కువగా కెఫీనే, దానికి ఇంట్లో ఫిల్టర్ కాఫీ ఉంది. సాయంత్రం ఆరు దాటాక జిమ్‌కి వెళ్తే అదీ తాగను, రాత్రి నిద్ర పట్టదు.