క్యాపిటల్ లెటరా, బహువచనమా: పేరును పట్టుకోవడానికి ఏది మేలు?

మా మేనకోడలు ఆరో తరగతి. ఇంగ్లిష్ హోంవర్క్‌లో సంజ్ఞావాచకాల కింద, అంటే ఫలానా మనిషికో ఊరికో నదికో పెట్టిన పేర్ల కింద, గీత గీయమంటే రెండు నిమిషాల్లో ముగించేసింది. క్యాపిటల్ లెటర్‌తో మొదలైన ప్రతి మాటకీ గీత! తెలుగు పుస్తకంలో అదే పని చెయ్యమనేసరికి పెన్సిల్ కొరుకుతూ కూర్చుంది. "ఇందులో క్యాపిటల్స్ లేవు కదా మావయ్యా!"

క్యాపిటల్స్ చిట్కా తేలికే, కాదనను. కానీ 'ఐ' కింద ఓ గీత, 'ఇండియన్ ఫుడ్'లో ఇండియన్ కింద ఇంకో గీత కనిపించాయి. మొదటిది సర్వనామం, రెండోది విశేషణం. జర్మన్‌లో అయితే కుక్కా, కుర్చీతో సహా నామవాచకాలన్నీ పెద్దక్షరంతోనే రాస్తారు. అక్కడ ఈ చిట్కాకి పనే లేదు.

తెలుగుకి చెవే ఆధారం. మాటని బహువచనం చేసి పలికి చూడాలి. నది, నదులు. ఊరు, ఊళ్లు. ఇవి జాతివాచకాలు, అంటే ఆ రకం వాటన్నిటికీ చెల్లే మాటలు. కృష్ణానదిని 'కృష్ణలు' అని ఎవరూ అనరు కాబట్టి అది సంజ్ఞావాచకం. ఇంకో లాభం, మాట రంగు మారినా ఇది పట్టేస్తుంది. జిరాక్స్ ఒక కంపెనీ పేరు. కానీ "రెండు జిరాక్సులు తియ్యి" అన్నప్పుడు మనకి కావలసింది కాగితాలే, ఏ మెషీన్ మీద తీసినా సరే. "మా వీధిలో శకునులు ఎక్కువయ్యారు" అన్నా అంతే.

దీనికీ లొసుగులున్నాయి. 'బియ్యాలు' అని ఎవరూ అనరు, అయినా బియ్యం ఎవరి పేరూ కాదు. క్లాసులో ముగ్గురు లక్ష్మిలు ఉండొచ్చు, అయినా లక్ష్మి పేరే. అలాంటిచోట నేను "అంటే ఏంటి?" అని అడుగుతాను. బియ్యం అంటే పొట్టు తీసిన వడ్లు, ఏ ఇంట్లోవైనా సరే. లక్ష్మి అంటే? ఫలానా అమ్మాయి అని వేలు పెట్టి చూపించాల్సిందే. గోదావరి అన్నా అంతే, త్ర్యంబకేశ్వర్ దగ్గర పుట్టి 1,465 కిలోమీటర్లు పారే ఆ ఒక్క నదినే చూపించాలి.

నా ఓటు ఈ "అంటే ఏంటి?" అన్న ప్రశ్నకే. తర్వాత బహువచనం. క్యాపిటల్స్‌ని ఇంగ్లిష్ స్పెల్లింగ్ వరకు ఉంచుకుంటే చాలు.

ఇదంతా విని పిల్ల అంది: "మరి అమ్మమ్మ కార్తీక సోమవారాలు అంటుంది కదా? ఇంగ్లిష్‌లో మండేకి క్యాపిటల్ ఉంది!"

ఇంగ్లిష్ నోట్‌బుక్‌లో గీత ఉంచమన్నాను. తెలుగు దాని దగ్గరికొచ్చేసరికి పెన్సిల్ కొరకడం నా వంతైంది.